పది మీటర్ల మొనగాడు: రాబ్ బరో ఆట వెనుక లెక్కలు

హెడింగ్లీ అనగానే మనకు గుర్తొచ్చేది క్రికెట్టే. 2025 జూన్‌లో రిషభ్ పంత్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు బాదినా మనవాళ్లు ఓడిపోయిన టెస్టు అక్కడిదే. ఆ మ్యాచ్‌లో టీవీలో కనిపించిన స్టాండ్లలో ఒకదానికి రెండు ముఖాలున్నాయి. ఇటువైపు కూర్చుంటే క్రికెట్, అటువైపు కూర్చుంటే రగ్బీ లీగ్. ఆ రెండో మైదానం లీడ్స్ రైనోస్ క్లబ్బుది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోలకు అటూ ఇటూగా బరువున్న మనిషి ఒకడు 2001 నుంచి 2017 దాకా ఆ క్లబ్బు జెర్సీ వేసుకుని, వంద కిలోలు దాటిన ఆటగాళ్ల మధ్య 492 మ్యాచ్‌లు ఆడాడు. ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్ టైటిల్ 8 సార్లు గెలిచాడు. సూపర్ లీగ్‌లో అందరికంటే పొట్టి ఆటగాడిగా చాలా ఏళ్లు అతని పేరే చెప్పుకున్నారు. అతనే రాబ్ బరో.

ఇవాళ లోకానికి తెలిసిన బరో వేరు. 2019 డిసెంబరులో అతనికి మోటార్ న్యూరాన్ వ్యాధి ఉందని తేలింది. కండరాలను నడిపే నాడీకణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు అది. 2024 జూన్ 2న, 41 ఏళ్లకే పోయాడు. ఈ మధ్యలో అతని పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ 2020లో 7 రోజుల్లో 7 మారథాన్లు పరిగెత్తి విరాళాలు పోగేశాడు. 2023 మేలో బరో పేరిట జరిగిన లీడ్స్ మారథాన్‌లో అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని నెట్టుకుంటూ వచ్చి, ఆఖరి గీత దగ్గర చేతుల్లో ఎత్తుకుని దాటించాడు. రగ్బీ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా ఆ ఫొటో చూశారు.

చూడాల్సిన ఫొటోనే. కానీ ఆ ఫొటో బరో ఆటను మింగేసింది. నిజం చెప్పాలంటే జబ్బు రాకముందు కూడా జరిగిందిదే. కామెంటేటర్లు, పత్రికలు అతని గురించి మాట్లాడినప్పుడల్లా ముందు నాలుక మీదికొచ్చేది ‘ధైర్యం’ అనే మాటే. అంత చిన్న మనిషి అంత పెద్దవాళ్ల మధ్యకు వెళ్తున్నాడు, ఎంత గుండె! పిట్ట కొంచెం, కూత ఘనం. అక్కడితో విశ్లేషణ సరి. గుండె ధైర్యం ఉన్న పొట్టి కుర్రాళ్లు యార్క్‌షైర్‌లో వీధికొకడు దొరుకుతాడు. వాళ్లెవరికీ 8 టైటిళ్లు రాలేదు. బరోకు ఎందుకొచ్చాయో తెలియాలంటే అతని కాళ్లు, అతను ఎంచుకున్న సమయం, అతన్ని వాడుకున్న కోచ్‌ల లెక్క చూడాలి.

ఆట గురించి నాలుగు ముక్కలు

మన దగ్గర రగ్బీ అంటే తెలిసింది 15 మంది ఆడే రగ్బీ యూనియన్, లేదంటే ఒలింపిక్స్‌లో వచ్చే సెవెన్స్. రగ్బీ లీగ్ వీటికి దాయాది. పని మానుకుని ఆడ్డానికొచ్చే కార్మికులకు పోయిన కూలి కట్టివ్వాలా వద్దా అన్న పేచీ మీద ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బులు 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో కూర్చుని వేరుకుంపటి పెట్టుకున్నాయి. అలా పుట్టింది. బొగ్గు గనులు, ఉన్ని మిల్లుల ఊళ్ల ఆట. బరో పుట్టిన పాంటెఫ్రాక్ట్ కూడా అలాంటి గనుల ప్రాంతమే.

జట్టుకు 13 మంది, ఆట 80 నిమిషాలు. ట్రైకి, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే, 4 పాయింట్లు. కర్రల మధ్య నుంచి తన్నే గోల్‌కు 2, ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి తన్నే డ్రాప్ గోల్‌కు 1. బంతి చేతిలో ఉన్న జట్టుకు 6 ట్యాకిళ్ల అవకాశం. ఆరోసారీ పట్టుబడితే బంతి అవతలివాళ్లది. కబడ్డీ చూసినవాళ్లకు ట్యాకిల్ అంటే కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు, అది పట్టు. కాకపోతే కబడ్డీలో ఆటగాళ్లకు బరువు పరిమితి పెడతారు. రగ్బీ లీగ్‌లో అదేమీ లేదు. 70 కిలోలవాడి మీదికి 115 కిలోలవాడు పరిగెత్తుకొస్తే రిఫరీ చూస్తూ ఉంటాడు, అంతే.

ప్రతి ట్యాకిల్ తర్వాత ‘ప్లే ద బాల్’ ఉంటుంది. బరో కథంతా ఇక్కడే నడుస్తుంది కాబట్టి కాస్త దగ్గరికెళ్లి చూద్దాం. పట్టుబడినవాడు లేచి నిలబడి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనక నిలబడి దాన్ని అందుకునేవాణ్ని డమ్మీ హాఫ్ అంటారు. మామూలుగా ఆ పని హూకర్ అనే స్థానంలో ఆడేవాడిది. డిఫెన్స్ జట్టులో మార్కర్లు అనే ఇద్దరు మాత్రమే బంతికి ఎదురుగా, ఒకరి వెనక ఒకరు నిలబడొచ్చు. తక్కిన 11 మందీ 10 మీటర్లు వెనక్కి పోవాలి. 1990ల మొదట్లో మారేవరకు ఇది 5 మీటర్లే. దాన్ని 10 చేయడంతో మధ్యలో ఒక ఖాళీ జాగా పుట్టింది. బరో సేద్యం చేసిన పొలం ఆ 10 మీటర్లే.

మూడు సెకన్ల సందు

ట్యాకిల్ పూర్తయి బంతి మళ్లీ కదలడానికి పట్టే సమయం మూడు, నాలుగు సెకన్లు. ఆ కాసేపట్లో డిఫెన్స్ జట్టు చాలా పనులు చక్కబెట్టుకోవాలి. పట్టినవాళ్లు కిందపడ్డవాడి మీద నుంచి లేవాలి. వాళ్లలో ఇద్దరు మార్కర్లుగా ఎదురుగా నిలబడాలి. మిగతావాళ్లు వెనక్కి పరిగెత్తి, ఆగి, మళ్లీ ముందుకు తిరగాలి. మార్కర్లకు అటూ ఇటూ మొదట నిలబడే డిఫెండర్లు సాధారణంగా ప్రాప్‌లు, అంటే జట్టులో అందరికంటే బరువైనవాళ్లు. వెనక్కి వెళ్లడం, తిరగడం వాళ్లకు పెద్ద శిక్ష. పరుగు కంటే ఆగి తిరగడానికే ఎక్కువ దమ్ము కావాలి.

ముందుకు దూకే ముందు డమ్మీ హాఫ్ గమనించాల్సినవి మూడు. రెండో మార్కర్ మొదటివాడి వెనక సరిగ్గా వచ్చి నిలబడ్డాడా, లేక ఇంకా పక్కకే ఉన్నాడా? మార్కర్ పక్కనున్న ప్రాప్ అరికాళ్లు నేలకానాయా, లేక మడమల మీద వెనక్కి ఒరిగి ఉన్నాడా? అతని తల ఎటు తిరిగి ఉంది? ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా మార్కర్‌కూ ప్రాప్‌కూ మధ్య సందు దొరుకుతుంది. రెండు తప్పితే గేటు తెరిచినట్టే. బరో బంతికోసం వంగేటప్పుడు కళ్లు బంతి మీద కంటే ఎదుటివాళ్ల కాళ్ల మీదే ఎక్కువ ఉంటాయి. పాత మ్యాచ్‌ల వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే ఇది తెలుస్తుంది. బంతి వేళ్లకు తగలకముందే ఎటు పోవాలో నిర్ణయం అయిపోయి ఉంటుంది.

ఇక బరువు సంగతి. పెద్దవాడు, చిన్నవాడు ఢీకొంటే చిన్నవాడే ఎగిరిపడతాడన్నది సగం నిజమే. ఢీకొనేవాడి ఊపు (ద్రవ్యవేగం) బరువుకూ వేగానికీ గుణకారం. డమ్మీ హాఫ్ నుంచి దూకిన 70 కిలోల మనిషి ఆరేడు అడుగుల్లోనే సెకనుకు 7 మీటర్ల వేగం అందుకున్నాడనుకుందాం. 70ని 7తో గుణిస్తే 490. ఎదురుగా అప్పుడే వెనక్కి వెళ్లి తిరిగిన 110 కిలోల ప్రాప్ సెకనుకు 2 మీటర్లతో కదులుతుంటే 220. ఆ పైన ప్రాప్ ఒళ్లంతా పెట్టి గుద్దడం లేదు, పక్క నుంచి దాటిపోతున్నవాడి మీదికి చెయ్యి చాపుతున్నాడు. చేతి బరువెంత? ఇదే లెక్క తిరగేసి చూడండి. బరో బంతి పట్టుకుని నిలబడిపోయాడు, అటు నుంచి ప్రాప్ సెకనుకు 6 మీటర్లతో వచ్చాడు: ఇటు సున్నా, అటు 660. చిన్న ఆటగాడికి ప్రాణాంతకమైనది పెద్దవాడి పరిమాణం కాదు, తాను ఆగిపోవడం. బరో ఆటంతా ఆగకుండా ఉండటం చుట్టూ కట్టుకున్నదే.

ఎత్తు కూడా అంతే. నిటారుగా నిలబడ్డ మనిషి శరీర భారకేంద్రం అతని ఎత్తులో సుమారు 55 శాతం దగ్గరుంటుంది. 165 సెంటీమీటర్ల మనిషికి అది నేల నుంచి 91 సెంటీమీటర్లు, 190 సెంటీమీటర్లవాడికి 104 పైన. పరిగెత్తుతూ ఒక్కసారిగా పక్కకు అడుగు మార్చాలంటే ఈ జానెడు లోపు తేడాయే ముఖ్యం. భారం కిందికి ఉన్నవాడు తక్కువ ఒరిగి ఎక్కువ తిరుగుతాడు. ఇక పట్టేవాడి కష్టం: మామూలు ఆటగాడి నడుం ఉండేచోట బరో ఛాతీ ఉంటుంది. అలవాటైన ఎత్తులో చెయ్యి వేస్తే మెడకు తగులుతుంది, మెడకు తగిలితే హై ట్యాకిల్, పెనాల్టీ. కిందికి వంగుదామంటే దానికి అరసెకను కావాలి. అరసెకనులో బరో మూడు మీటర్లు దాటేసి ఉంటాడు.

2011 అక్టోబరు 8, ఓల్డ్ ట్రాఫర్డ్

లెక్కలన్నీ ఒక్క పరుగులో కనబడాలంటే ఈ గ్రాండ్ ఫైనల్, అంటే సూపర్ లీగ్ టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్, చూడాలి. లీగ్ పట్టికలో ఐదో స్థానంలో నిలిచి, నాకౌట్‌లలో ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చిన లీడ్స్‌కు ప్రత్యర్థి సెయింట్ హెలెన్స్. బరో బెంచీ మీద ఉన్నాడు. హూకర్‌గా ఆట మొదలుపెట్టింది ఆస్ట్రేలియన్ డానీ బుడెరస్.

మొదటి సగం చివరికొచ్చేసరికి, ఆట మొదలుపెట్టిన ఫార్వర్డ్‌లు (ప్రాప్‌ల లాంటి బరువైన ఆటగాళ్లు) అప్పటికే పాతికసార్లు వెనక్కి పరిగెత్తి ఉన్నారు. బరో అప్పుడే వచ్చాడు, తాజాగా. మైదానం మధ్య భాగంలో ప్లే ద బాల్. బంతి తీసుకుని పాస్ ఇవ్వకుండా తనే దూకాడు. ఎదురొచ్చిన మొదటి డిఫెండర్ చేతుల కింద నుంచి నడుం వంచి దూరాడు. వంగాడు గానీ వేగం తగ్గలేదు. ఇది చెప్పినంత తేలిక కాదు. మామూలుగా వంగినవాడి అడుగు చిన్నదవుతుంది, తల కిందికి పోయి దారి కనబడదు, చాలామంది అక్కడే తూలిపడతారు. బరో మోకాళ్ల దగ్గర వంగాడు, కళ్లు ముందుకే ఉన్నాయి. లేచేసరికి ఆఖరివాడు ఫుల్‌బ్యాక్ పాల్ వెల్లెన్స్ ఒక్కడే మిగిలాడు. వెల్లెన్స్ అల్లాటప్పా ఆటగాడు కాదు, ఇంగ్లండ్ తరఫున ఆడినవాడు, ఆ రోజుల్లో నమ్మకమైన ఫుల్‌బ్యాక్‌లలో ఒకడు. బరో అతన్ని ఒక పక్కకు నమ్మించి ఇంకో పక్కకు పోయాడు. ట్రై.

రెండో సగంలో సెయింట్ హెలెన్స్ 16-8తో ముందంజ వేసింది. ఆ తర్వాత లీడ్స్ వరసగా 24 పాయింట్లు కొట్టి 32-16తో గెలిచింది. మ్యాచ్‌లో మేటి ఆటగాడికిచ్చే హ్యారీ సండర్లాండ్ ట్రోఫీకి ఓటేసిన విలేకరులంతా ఏకగ్రీవంగా బరో పేరే రాశారు.

అదే ట్రోఫీ 2007లోనూ అతనికి వచ్చింది, అదీ ఇదే సెయింట్ హెలెన్స్ మీద, 33-6 గెలుపులో. పుస్తకాల్లో ఈ రెండూ పక్కపక్కన రాసి వదిలేస్తారు. మా దృష్టిలో బరో కెరీర్‌లో అన్నిటికంటే ఆలోచించదగ్గ సంగతి ఇదే: ఆ రెండు ట్రోఫీలూ రెండు వేర్వేరు ఉద్యోగాలకు వచ్చాయి. 2007లో అతను 7వ నంబరు స్క్రమ్ హాఫ్. ఆట మొదటి నిమిషం నుంచి జట్టును నడిపేవాళ్లలో ఒకడు. 2011లో బెంచీ మీద నుంచి వచ్చే బదిలీ హూకర్. ఒక ఆటగాడు ఒక పనిలో శిఖరానికి వెళ్లడమే అరుదు. నాలుగేళ్ల తేడాలో రెండో పనిలోనూ వెళ్లాడు.

నచ్చని బెంచీ, పనికొచ్చిన బెంచీ

2001లో తొలి సీజన్‌లోనే సూపర్ లీగ్ మేటి యువ ఆటగాడి అవార్డు అందుకున్న బరో, టోనీ స్మిత్ కోచ్‌గా వచ్చిన 2004 నుంచి బాగా వికసించాడు. ఆ ఏడాదే బ్రాడ్‌ఫర్డ్‌ను 16-8తో ఓడించి లీడ్స్ 32 ఏళ్ల తర్వాత మళ్లీ ఛాంపియన్ అయింది. పక్కన డానీ మెక్‌గ్వైర్, సిన్‌ఫీల్డ్. ఈ ముగ్గురి పనులూ చక్కగా విడివిడిగా ఉండేవి. మైదానాన్ని చదవడం, దూరం కొట్టే కిక్కులు, గోల్స్ సిన్‌ఫీల్డ్‌వి. సరైన చోటికి సరైన క్షణంలో వెళ్లి ట్రై చేయడం మెక్‌గ్వైర్ విద్య. డిఫెన్స్ వరసను చీల్చుకుని పోవడం బరో వంతు. స్క్రమ్ హాఫ్‌గా బరోకు లోటు లేదనడం అబద్ధం. నిదానంగా ఆటను నడిపించే నేర్పు, చివరి ట్యాకిల్‌లో లోతుగా కొట్టే కిక్ అతని బలాలు కావు. ఆ బాధ్యత పక్కవాడు మోస్తున్నంత కాలం అది బయటపడలేదు.

2007 శరదృతువులో గ్రేట్ బ్రిటన్ జట్టు న్యూజిలాండ్‌ను 3-0తో చిత్తు చేసినప్పుడు సిరీస్ మేటి ఆటగాడు బరోనే. కోచ్ మళ్లీ టోనీ స్మిత్. చిన్నవాడు పెద్ద మ్యాచ్‌లకు, పైగా న్యూజిలాండ్ ఫార్వర్డ్‌ల ముందు, పనికిరాడనే వాదన అక్కడితో ముగిసిపోవాలి. ముగియలేదు. అలాంటి వాదనలు ఒక పట్టాన చావవు.

2011లో బ్రయన్ మెక్‌డెర్మాట్ కోచ్‌గా వచ్చి బరోను బెంచీకి మార్చాడు. ఆ పాత్ర బరోకు నచ్చలేదన్నది దాపరికం లేని సంగతే. పదేళ్లు ముందు వరసలో ఉన్నవాణ్ని సగం ఆట అయ్యాక పిలుస్తామంటే ఎవరికి నచ్చుతుంది? జీతం, పేరు, జాతీయ జట్టు ఎంపిక, అన్నీ మొదటి 13లో ఉన్నవాడి వైపే మొగ్గుతాయి. అయినా లెక్క మెక్‌డెర్మాట్‌దే గెలిచింది. రగ్బీ లీగ్‌లో ప్రాప్‌లు మొదటి విడతలో 20, 25 నిమిషాలు ఆడి బయటకొస్తారు. ఆ విడత చివరి అయిదారు నిమిషాలే డిఫెన్స్ బాగా బలహీనపడే వేళ. కాళ్లు బరువెక్కుతాయి, మార్కర్ ఆలస్యంగా లేస్తాడు, పైన చెప్పిన మూడు తప్పులూ ఒకేసారి జరుగుతాయి. సరిగ్గా అప్పుడు తాజా కాళ్లతో బరోను దింపితే, మొదటి నిమిషంలో దొరకని సందు ముప్పయ్యో నిమిషంలో దొరుకుతుంది. 80 నిమిషాల బరో కంటే ఆ 40 నిమిషాల బరోతోనే ప్రత్యర్థికి నిద్ర పట్టేది కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బుడెరస్ లాంటి హూకర్ ముందు అరగంట మధ్యలో దంచితేనే బరోకు ఆ అలసట సిద్ధంగా దొరుకుతుంది. జేమీ పీకాక్ లాంటి ప్రాప్ నలుగురిని ఈడ్చుకుంటూ వెళ్లి, త్వరగా లేచి బంతి దొర్లిస్తేనే ఆ మూడు సెకన్ల సందు తెరుచుకుంటుంది. కిందపడ్డవాడు ఒక్క సెకను ఆలస్యం చేసినా బరో వేగానికి విలువ లేదు. అతని ప్రతిభకు అద్దె కట్టింది పెద్ద శరీరాలే. చిన్నవాళ్లను మెచ్చుకునేటప్పుడు ఈ మాట ఎవరూ అనరు.

పట్టాల్సి వచ్చినప్పుడు

బంతి చేతిలో ఉన్నప్పటి కథ ఇదంతా. డిఫెన్స్‌లో చిన్న ఆటగాడిని ప్రత్యర్థి వెతుక్కుని మరీ కొడతాడు. స్క్రమ్ హాఫ్‌గా ఉన్నప్పుడు సెకండ్ రో ఫార్వర్డ్‌లను, పరుగు పెట్టి బంతి అందుకునేలా, నేరుగా అతని మీదికే పంపేవాళ్లు. దాని ఉద్దేశం ట్రై చేయడమే అనుకుంటే పొరపాటు. వంద కిలోలవాణ్ని వరసగా మూడుసార్లు ఆపినవాడు నాలుగోసారి బంతి చేతికొచ్చినప్పుడు దూకలేడు. అతని దాడిని చంపడానికి అతని డిఫెన్స్‌ను వాడుకోవడం అది. బెంచీ పాత్ర ఈ ఎత్తును కూడా సగానికి తగ్గించేసింది.

పొట్టివాడు పట్టే పద్ధతి ఒక్కటే, కాళ్లు. తొడల మధ్య భాగానికి భుజం ఆనించి, చేతులు మోకాళ్ల వెనక్కి చుట్టి, రెండు కాళ్లనూ ఒకటిగా బిగించాలి. కాళ్లు కలిశాక 115 కిలోలైనా 75 కిలోలైనా ఒకేలా పడతారు. పేపరు మీద ఇది చాలా బావుంటుంది. మైదానంలో తప్పులు జరిగే చోట్లు ఇవీ. తల వెనక వైపు ఉండాలి. పొరపాటున పరిగెత్తేవాడి ముందుకొస్తే మోకాలు కణతకు తగిలి స్పృహ పోతుంది. చేతులు చుట్టడానికి ముందే భుజం తగిలితే పట్టు జారిపోతుంది. పట్టు సరిగ్గా దొరికినా పైన అతని చేతులు రెండూ స్వేచ్ఛగా ఉంటాయి, పడిపోతూనే పక్కవాడికి బంతి అందించేస్తాడు. అందుకే కాళ్లు పట్టేవాడి పక్కన, బంతిని ఛాతీ దగ్గర బిగించే రెండో మనిషి ఎప్పుడూ ఉండాలి. పొట్టి ఆటగాడి డిఫెన్స్ బాగోలేదని తిట్టే ముందు అతని పక్కవాడు ఎక్కడున్నాడో చూడటం న్యాయం.

బరోకు వచ్చిన జబ్బుకూ ఇన్నేళ్ల దెబ్బలకూ లంకె ఉందా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. దీని మీద పరిశోధనలు నడుస్తున్నాయి, తేలింది తక్కువ. ఒక మనిషి విషయంలో ఇందువల్లే అని చెప్పడానికి వైద్యుల దగ్గర కూడా ఆధారం లేదు కాబట్టి ఇక్కడ ఆపేద్దాం.

ముందు నడిచినవాళ్లు

బరో మొదటివాడేమీ కాదు. అతని పుట్టిన ఊరికి కూతవేటు దూరంలోని కాసిల్‌ఫర్డ్ కుర్రాడు రోజర్ మిల్‌వర్డ్, ఎత్తు 163 సెంటీమీటర్లే. 1980 ఛాలెంజ్ కప్ ఫైనల్లో మొదట్లోనే దవడ విరిగినా చివరిదాకా ఆడి, హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌ను 10-5తో గెలిపించాడు. తమాషా ఏమిటంటే జనం గుర్తుపెట్టుకుంది ఆ విరిగిన దవడనే. అప్పటికి పదిహేనేళ్లుగా అతను డిఫెన్స్‌లను ఎలా బురిడీ కొట్టించాడన్నది పక్కకు పోయింది. బరోకు జరిగిందీ అదే.

ఆస్ట్రేలియాలో అలన్ లాంగర్, అచ్చం బరో ఎత్తే. అతనిది ఇంకో దారి. పరుగు కంటే కిక్, నేల మీద దొర్లిపోయే చిన్న చిన్న గ్రబ్బర్ కిక్కులు, ఎప్పుడు పాస్ ఇవ్వాలో తెలిసిన బుర్ర. బ్రిస్బేన్ బ్రాంకోస్‌కు 1992, 1993 టైటిళ్లు అతని చేతుల మీదుగా వచ్చాయి. 34 ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌లో వారింగ్టన్‌కు ఆడుకుంటుంటే, 2001 స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య సిరీస్) చివరి మ్యాచ్‌కు క్వీన్స్‌లాండ్ కోచ్ వేన్ బెన్నెట్ విమానం ఎక్కించి రప్పించాడు. క్వీన్స్‌లాండ్ 40-14తో గెలిచింది. బుర్ర మీద ఆధారపడ్డ చిన్న ఆటగాడు ముప్పై దాటాక కూడా నిలుస్తాడు, వేగం మీద ఆధారపడ్డవాడికి పాత్ర మారాలి. బరో బెంచీకి వెళ్లడాన్ని దిగజారడంగా చూసినవాళ్లు ఈ తేడా పట్టించుకోలేదు.

ప్రెస్టన్ క్యాంప్‌బెల్ 2001లో ఆస్ట్రేలియా లీగ్ మేటి ఆటగాడిగా డాలీ ఎం పతకం అందుకున్నాడు, 2003లో పెన్‌రిత్‌తో టైటిల్ గెలిచాడు, తర్వాత ఫుల్‌బ్యాక్‌గా మారాడు. అక్కడ ట్యాకిళ్ల భారం తక్కువ, పరిగెత్తడానికి జాగా ఎక్కువ. ముగ్గురు చిన్న ఆటగాళ్లు, శరీరాన్ని కాపాడుకోవడానికి మూడు దారులు: బుర్ర, వెనక వరస, బెంచీ. ఈ దారుల్లో ఏదీ దొరక్క పాతికేళ్లకే ఆట మానేసినవాళ్ల లెక్క ఎవరూ రాయరు.

ఇప్పుడైతే?

ఇప్పటి నిబంధనల్లో బరో లాంటివాడు నిలుస్తాడా అంటే, నిలవడమే కాదు, ఇంకా ఎక్కువ నష్టం చేస్తాడని మా అంచనా. సూపర్ లీగ్ 2019లో మ్యాచ్‌లో ఒక్కో జట్టు చేసుకోగల ఆటగాళ్ల మార్పులను 10 నుంచి 8కి తగ్గించింది. అంటే పెద్దవాళ్లు మైదానంలో ఎక్కువసేపు ఉండాలి, ఎక్కువ అలిసిపోవాలి. 2020 నుంచి రక్‌లో (ట్యాకిల్, ప్లే ద బాల్ జరిగే చోట) డిఫెన్స్ తప్పు చేస్తే ఆట ఆపి పెనాల్టీ ఇచ్చే బదులు మళ్లీ 6 ట్యాకిళ్లు ఇచ్చేసి ఆట నడిపిస్తున్నారు. డిఫెన్స్‌కు ఊపిరి తీసుకునే విరామం పోయింది. రెండూ డమ్మీ హాఫ్‌కు వరాలే. ఎదురు వాదనా ఉంది. ఇప్పటి జట్లు ట్యాకిల్‌లో కుస్తీ కోచ్‌లు నేర్పిన పట్లతో కిందపడ్డవాణ్ని వెల్లకిలా తిప్పి, లేవడం ఆలస్యం చేయిస్తాయి. మార్పులు తక్కువ కాబట్టి, సగం ఆట మాత్రమే ఆడే హూకర్‌కు బెంచీ మీద ఒక స్థానం ఖర్చు చేయడానికి కోచ్‌లు వెనకాడతారు.

అసలు అడ్డంకి ఇంకా కింద, కుర్రాళ్ల స్థాయిలో ఉంది. 13, 14 ఏళ్ల వయసులో ముందుగా ఎదిగిన పిల్లాడు గుద్దుకుంటూ వెళ్లిపోతాడు, అతనికి పక్కకు అడుగు వేయడం నేర్చుకోవాల్సిన అవసరమే రాదు. ఎదగనివాడు బతకడానికి నేర్చుకుంటాడు. పదిహేడేళ్లకు అందరూ ఎదిగాక మొదటివాడి ఆధిక్యం ఆవిరైపోతుంది, రెండోవాడి విద్య మిగులుతుంది. కానీ ఈలోపే అకాడమీ రెండోవాణ్ని ఇంటికి పంపేసి ఉంటుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అకాడమీల్లో కొన్ని పుట్టిన తేదీని బట్టి కాకుండా శరీరం ఎదిగిన తీరును బట్టి పిల్లల్ని గుంపులు చేసి ఆడించే పద్ధతి ప్రయత్నించాయి. ఢీకొనే ఆటలకు అది ఇంకా అవసరం. మన కబడ్డీ, కుస్తీ సెలక్షన్లలో టేపు, కాటా ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. టేపు కొలిచేది ఇవాళ్టి ఎత్తునే. పక్కకు వేసే అడుగును కొలవాలంటే పది నిమిషాలు ఆడించి చూడాలి.

2017 అక్టోబరులో కాసిల్‌ఫర్డ్ మీద 24-6తో లీడ్స్ గెలిచిన గ్రాండ్ ఫైనల్ బరో చివరి పోటీ మ్యాచ్. ఆఖర్లో బెంచీ మీద నుంచే వచ్చాడు. 2024 నుంచి గ్రాండ్ ఫైనల్ మేటి ఆటగాడికి ఇచ్చే అవార్డుకు రాబ్ బరో పేరు పెట్టారు. ఆ ఏడాది ఓల్డ్ ట్రాఫర్డ్‌లో విగన్ 9-2తో హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌ను ఓడించింది. మ్యాచ్ మొత్తానికి ఒకే ఒక్క ట్రై. విగన్ స్టాండాఫ్ బెవన్ ఫ్రెంచ్ డిఫెన్స్ కుదురుకోకముందే సందు చూసి, ఎవరికీ పాస్ ఇవ్వకుండా, అడుగు మార్చి అడుగు మార్చి దూసుకుపోయి కొట్టాడు. బరో పేరిట మొదటి అవార్డు అతనికే ఇచ్చారు.